భద్రమ్మ పుచ్చపట్టీ మీద ఎడారి సవారి

గోదావరిని ఎడారి అన్నప్పుడే ఫిట్టరు శ్రీశైలానికి ఒళ్లు మండాల్సింది. మండలేదు. పైగా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన మూతి మీద తనే ఒక్కటిచ్చుకోవాలనిపిస్తుంది ఆయనకు.

పినపాక దగ్గర మాఘమాసం దాటిందంటే నది ఒక పక్కకు ఒదిగిపోతుంది. మిగిలిందంతా కనుచూపు మేర ఇసుక. హైదరాబాదు నుంచి పాత మోటారు సైకిళ్ల క్లబ్బు వాళ్లు కార్లేసుకుని వచ్చి, శ్రీశైలం వెంట తిరిగి ఆ ఇసుకను చూసి, రాజస్థాన్ దాకా పోయే పని తప్పిందని మురిసిపోయారు. అక్కడికక్కడే ‘ఎడారి సవారి’ అని పేరు పెట్టేశారు. గోదారికీ ఎడారికీ ప్రాస కుదిరింది కదా, ఇక మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయనుకున్నారు. ఆ ఇసుక మీద మనుషులు బతుకుతున్నారన్న సంగతి మాత్రం వాళ్లకు ఇసుమంతైనా తట్టలేదు.

శ్రీశైలం మణుగూరులో బొగ్గుగనుల వర్క్‌షాపు ఫిట్టరు. వయసు యాభై రెండు. ఆయనకొక బీఎస్‌ఏ బండి ఉంది, రెండో ప్రపంచయుద్ధం నాటిది. తుక్కు కుప్పలో చక్రాల్లేకుండా పడి ఉన్నదాన్ని ఎత్తుకొచ్చి, ఏడేళ్లు కూర్చుని, దొరకని భాగాలు లేత్ మీద తనే తీసి, దాన్ని నిలబెట్టాడు. కిక్ కొట్టీ కొట్టీ మోకాలు అరిగింది గానీ ఆ కిక్కు మాత్రం తరగలేదు. వింటేజ్ అనేది చూస్తే తెలిసేది కాదు, వింటే తెలిసేది అనేవాడు. సైలెన్సరు పేరుకే. సైలెంటుగా ఉండడం ఆ బండికీ రాదు, దానిమీద కూర్చునే ఆయనకీ రాదు.

క్లబ్బు అధ్యక్షుడు వెంకటకృష్ణ ఆ బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ట్యాంకు నిమిరి, శ్రీశైలం భుజం మీద చెయ్యి వేసి, మీరే మా పైలట్ అన్నాడు. పైలట్ అనేసరికి ఫిట్టరు ఫ్లాటయ్యాడు.

పైలట్ పని చిన్నది కాదు. ఇసుకలో ముందు పోయేవాడే ఇసుకను చదవాలి. ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్త, ఎక్కడ పైకి పొడిగా కనబడుతూ కింద ఊట ఉందో తెలియాలి. వెనకవాళ్లు అతని చక్రం గీసిన గాడిలోనే తమ చక్రం పెట్టాలి. ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి, బ్రేకు పట్టకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. ఆ పాత ఇంగ్లీషు బండ్లన్నీ ఉక్కు దుంగలు, సన్న టైర్లు. గాడి తప్పితే కూరుకుపోవడమే.

ఇసుకలో పుచ్చకాయలు పండించే పట్టీలున్నాయని శ్రీశైలం వాళ్లకు మొదటి రోజే చెప్పాడు. ఏటా వాన వెలిసి ఇసుక తేలగానే ఒడ్డు మీది ఊరి ఆడవాళ్లు దిగుతారు. ఎవరు ఎక్కడ గుడ్డపీలిక కట్టిన వెదురు కర్రలు పాతితే అంతమేర ఆ ఏటికి వాళ్లది. కాగితం లేదు, కొలత లేదు. ఒకరి కర్రను ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుని పీకినవాళ్లు పదిమంది ముందర తమ చేత్తోనే మళ్లీ పాతాలి. ఆ తలవంపు ఎందుకని ఏ ముప్ఫై ఏళ్లుగానో ఎవరూ పీకలేదు. ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీటిని చెలమ అంటారు. ఆ నీళ్లు కుండలతో మోసి పాదుపాదుకూ పోస్తారు. శ్రీశైలం అక్క భద్రమ్మదీ అలాంటి పట్టీయే. భర్త పోయాక ఆమెకు ఉన్నదదే. ఈసారి కాయ బాగా దిగింది, ఇంకో పది రోజుల్లో కోత. వెంకటకృష్ణ అన్నీ విని, పట్టీల జోలికే రామని మాటిచ్చాడు.

సవారి రోజు పొద్దున్నే పదమూడు బండ్లు వరసలో నిలబడ్డాయి. నార్టన్‌లు, ట్రయంఫ్‌లు, మ్యాచ్‌లెస్‌లు, అన్నిటికంటే ముందు శ్రీశైలం బీఎస్‌ఏ. ఆయన గుండె మీద ఒకటో నంబరు గుడ్డ. ఇంతలో భద్రమ్మ ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చింది. నిన్న సాయంత్రం ఎవరో తన పట్టీ కర్రలన్నీ పీకి కుప్పేశారనీ, వాటి బదులు ఎర్ర జెండాలు పాతారనీ, ఆ జెండాల వరస తన పాదుల నడుమనుంచే పోతోందనీ చెప్పింది. చెబుతూ ఏడవలేదు. ఏడిస్తేనే శ్రీశైలానికి నయంగా ఉండేది.

“వీళ్లను తోల్కొచ్చింది నువ్వే గద తమ్మీ,” అంది. “ఇగ నువ్వే చెప్పు, నేనేం జెయ్యాలె?”

శ్రీశైలం బండి దిగి తిన్నగా వెంకటకృష్ణ దగ్గరికి పోయాడు. ఆయన తోలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఓపిగ్గా వివరించాడు. పైనుంచి డ్రోన్ తీసే వీడియోలో దారి తిన్నగా కనబడాలట. వంకర తిరిగితే ఎడారి లుక్కు పోతుందట. తీయమని క్లబ్బు కుర్రాళ్లకు తనే చెప్పాడట, ఒట్టి కర్రలే కదా అని. నది గవర్నమెంటుది, తమకు పర్మిషన్ ఉంది, ఆమెకు పట్టా ఉందా అని కూడా అడిగాడు, నవ్వుతూనే.

“పట్టా లేదు సార్, పట్టీ ఉన్నది,” అన్నాడు శ్రీశైలం. “నాలుగు నెలలు నెత్తిమీద నీళ్లు మోసింది మా అక్క. మీకు పర్మిషన్, మాకు పరేషాన్, గిదేం న్యాయం? ఎవరి జాగల్నో జెండా పాతి మాదేననుడు బ్రిటిషోళ్ల పని. వాళ్ల బండ్లెక్కంగనే వాళ్ల బుద్ధి గూడ ఎక్కిందా మీకు?”

వెంకటకృష్ణ మొహంలో నవ్వు సగం దిగింది. శ్రీశైలం గారూ, మీరు ఎమోషనల్ అవుతున్నారు, అన్నాడు. నష్టం ఏదైనా జరిగితే తరువాత చూసుకుందామన్నాడు. లేదంటే పైలట్‌గా ఇంకొకరిని పెట్టుకోవడం తమకు కష్టం కాదని కూడా అన్నాడు.

ఎమోషనలట. పాదు తొక్కించుకునేవాళ్లకు ఎమోషను, తొక్కేవాళ్లకు మోషను. తప్పుకుంటే ఇంకొకడు ముందు నడుస్తాడు, నేరుగా పట్టీలోంచి. కర్రలు పోయినచోట భద్రమ్మ, ఇంకో ఐదారుగురు ఆడవాళ్లు కుండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు జరిగేలా లేరు. బ్రేకు పట్టగూడని బండ్లు, జరగని మనుషులు. ఆయన పోయి బండెక్కాడు.

విజిల్ వేశారు. పదమూడు ఇంజన్లు ఒక్కసారిగా గొంతెత్తాయి. శ్రీశైలం నిలబడి, గేరు మార్చి, ఎర్ర జెండాల వెంబడి పోయాడు. వెనక వెంకటకృష్ణ నార్టన్, దాని వెనక మిగతావి, ఒకే గాడిలో. బండి కింద గట్టి ఇసుక గరగరలాడుతోంది. ఏడేళ్లు ఇలాంటి పొద్దు కోసమే కదా ఆ బండిని లేపాడు. ఎదురుగా పుచ్చతీగల పచ్చదనం కనబడింది, దాని ముందు అక్క నిలబడి ఉండడం కూడా కనబడింది.

అక్కడ ఆయన ఎడమకు ఒరిగాడు.

ఎడమవైపు పాత చెలమల వరస. పైన పొడి ఇసుక తెల్లగా, నున్నగా, రోడ్డు వేసినట్టే ఉంటుంది. లోపల జానెడు కింద ఊట. అక్కడ గొడ్డు కూడా కాలు పెట్టదు. శ్రీశైలం తెలిసి తెలిసి పెట్టాడు. గాడిలోంచి తప్పుకోవద్దని వాళ్లకు నేర్పింది తనే కనక వాళ్లు తప్పుకోలేదు. యాభై గజాలు పోయాక బీఎస్‌ఏ ముక్కు వంచింది. ముందు చక్రం పోయింది, తరువాత ఇంజను, చివరికి ఇసుక నీళ్లు గుటగుటమంటూ ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటో పెట్టె దాకా వచ్చాయి. వెనక నార్టన్ ఆగింది, ఆగినచోటే దిగబడింది. తరువాత ట్రయంఫ్. తరువాతది, దాని తరువాతది. పదమూడు బండ్లూ వరసలో మోకాళ్ల లోతున కూర్చున్నాయి. డ్రోను పైన తిరుగుతూనే ఉంది, వీడియోలో వరస మాత్రం తిన్నగానే వచ్చి ఉంటుంది.

వెంకటకృష్ణ అరుపులు ఒడ్డు దాకా వినబడ్డాయి. కావాలనే ముంచావన్నాడు. కావాలనే, అని శ్రీశైలం ఒప్పుకున్నాడు. ట్రాక్టరు పిలిపించారు. డ్రైవరు ఊట చూసి, ఇసుకలో చెయ్యి పెట్టి, అటునుంచటే వెనక్కి తిప్పుకున్నాడు. ఇక బయటికి రావాలంటే ఒకటే దారి. ఆడవాళ్ల పుచ్చపట్టీల కాపలా గుడిసెల తడికలు ఊడదీసి చక్రాల కింద పరచాలి, తాళ్లు కట్టి పదిమందీ లాగాలి. తడికలు భద్రమ్మవాళ్లవి.

భద్రమ్మ తడిక తేలేదు, కర్రల మోపు తెచ్చింది. దాన్ని వెంకటకృష్ణ కాళ్ల ముందు వేసింది.

“పీకిన చెయ్యే పాతాలె అయ్యా. గది ఈడ రివాజు,” అంది.

పీకింది తను కాదు, కుర్రాళ్లు అన్నాడాయన.

“నీ మాట మీదనే పీకిండ్రు. గందుకే నువ్వే పాతాలె.”

పోలీసులను పిలుస్తానన్నాడు. పిలవమంది, వాళ్లొచ్చినా బండ్లు లాగడానికి ఈ తడికలే కావాలంది. ఎండ ఎక్కింది. ఇసుక కాలసాగింది. వరసలో ఉన్న క్లబ్బు వాళ్లు ఒక్కొక్కరే, పాతేసి రండి సార్, పోనీండి, అని సణగడం మొదలుపెట్టారు. ఒకతను ఎర్ర జెండాలను తనే పీకి చంకలో పెట్టుకొచ్చాడు. పది గంటలకు వెంకటకృష్ణ తోలు చొక్కా విప్పాడు.

ఒక్కొక్క కర్రా ఆయనే పాతాడు. చుట్టూ ఊరి ఆడవాళ్లు, తోటి క్లబ్బు వాళ్లు నిలబడి చూశారు. వంకర పోయిన చోట భద్రమ్మ మళ్లీ తీయించి మళ్లీ పాతించింది, లోతు చాలలేదని రెండుచోట్ల తొవ్వించింది. ఒక్క తిట్టు తిట్టలేదు. అది ఆయనకు మరీ కష్టమైంది. చివరి కర్ర నిలబడ్డాక తడికలు వచ్చాయి, తాళ్లు వచ్చాయి. బండ్లు ఒక్కొక్కటే చప్పరించుకుంటూ పైకి తేలాయి.

అందరివీ అయ్యాక శ్రీశైలం బండి. వెంకటకృష్ణ వచ్చి ఆయన గుండె మీది నంబరు గుడ్డ తీసుకుని, ఈ రాష్ట్రంలో ఏ క్లబ్బూ ఇక మిమ్మల్ని గేటు దాటనివ్వదన్నాడు. శ్రీశైలం చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు, ప్రాసలతో సహా. వాటిని అక్కడే వదిలి బండి దగ్గరికి పోయాడు. బండ్లెక్కించుకున్న లారీ, కార్లు దుమ్ము లేపుకుంటూ కట్ట ఎక్కి పోయాయి.

ఆయన కిక్ కొట్టాడు. కొట్టాడు. ఇంజను ఇసుక నమిలినట్టు కరకరమంది, అంతే. మాగ్నెటో మొత్తం విప్పాలి. లోపలి తీగచుట్ట పాడయితే కొత్తది ఎక్కడా దొరకదు, తనే చుట్టుకోవాలి. భద్రమ్మ రెండు కుండలు పట్టుకుని పక్కన వచ్చి నిలబడింది. పొద్దుటినుంచి పాదులకు చుక్క నీరు పడలేదు, ఆకులు వాలుతున్నాయి.

“బండి పోయిందా తమ్మీ?”

“ఏమో అక్కా. విప్పి చూస్తె గని తెల్వది.”

ఆమె బండి వంక చూసింది, దాని వెనకనున్న చెలమ వంక చూసింది.

“అయితే జర పక్కకు జరుపు,” అంది. “నీళ్లకు అడ్డమున్నది.”