అత్తయ్య తలుపుకి కట్టిన తాడు

మా మేనత్త కుర్చీలోంచి లేవలేకపోయింది.

ఈ ముక్క రాయడానికే నాకు చెయ్యాడటం లేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. కూర్చునే ఉద్యోగం డ్రైవరుది, నిలబడే ఉద్యోగం నాది అని చెప్పుకునేది. కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా టికెట్లు చింపిన మనిషి, కదలని కుర్చీలో చేతులు గుండెల మీద కట్టుకుని ఒకసారి ముందుకు వంగింది. రెండోసారి వంగింది. మూడోసారి వెనక్కి కూలబడింది. ఎదురుగా వార్డు క్లినిక్కు నర్సమ్మ చేతిలో గడియారం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

పరీక్ష చాలా చిన్నది. చేతుల ఊతం లేకుండా లేవాలి, నేల మీద గీసిన సుద్దగీత దాకా మూడు మీటర్లు నడవాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. డెబ్బై అయిదు దాటి ఒంటరిగా ఉండేవాళ్ళకి ఆరు నెలలకోసారి పెడతారు. కిందటిసారి అత్తయ్య పది సెకన్లలో ముగించి, ఇంకో ట్రిప్పు వెయ్యనా అని అడిగింది.

"ఆరు వారాల్లో మళ్ళీ వస్తానమ్మా. అప్పుడూ ఇంతే అయితే మీరు మేడ మీద ఒక్కరే ఉండటం క్షేమం కాదని రాయాల్సి వస్తుంది" అంది నర్సమ్మ.

అలా రాస్తే లిఫ్టు లేని ఆ రెండో అంతస్తు వాటా వదిలేసి, అత్తయ్య ఊరి చివర వృద్ధుల వసతిగృహానికైనా వెళ్ళాలి, మా ఇంటికైనా రావాలి. మా ఇంటికి రమ్మని ఎన్నేళ్ళనుంచో పిలుస్తున్నాను. "మీ ఇంట్లో నాకో గది ఇస్తావు. ఇక్కడ నాకు ఇల్లుంది" అనేది. ఆ రోజు అదీ అనలేదు. టికెట్టు తీసుకోకుండా ఎక్కిన ఇద్దరు ప్రయాణికుల్ని చూసినట్టు తన మోకాళ్ళని చూస్తూ కూర్చుంది.

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. దుకాణం తాళాలదే గానీ యజమాని ఏదీ తాళలేడు. పైగా మా వీధి తోడు సంఘానికి కార్యదర్శిని. వార్డు క్లినిక్కు, గ్రంథాలయం, వీధిలోని దుకాణాలు కలిసి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మంచిచెడ్డలు చూసుకుందామని ఏడాది కిందట పెట్టుకున్న సంఘం అది. 'పెద్దలు తమ ఇంట్లో, తమ కాళ్ళ మీద' అని బోర్డు రాయించింది కూడా నేనే. ఇప్పుడు ఆ కాళ్ళే లేవనంటున్నాయి.

నర్సమ్మ సంచి సర్దుకోలేదు. ఈ ఆరు నెలల్లో ఏం మారిందని అడిగింది. జబ్బు లేదు, పడిపోవడం లేదు, రక్తపోటు, చక్కెర అన్నీ సవ్యంగా ఉన్నాయి. మా లోపం లేదని నిరూపించాలన్న ఆత్రంలో నేను మా సేవలన్నీ ఏకరువు పెట్టాను. ఇదివరకు గేటు దగ్గర పడేసే పాల పేకెట్టుని పాలాయన మేడెక్కి గుమ్మంలో పెడుతున్నాడు. పాలు పోయడమే కాదు, సేవలో పాలు పంచుకుంటున్నాడన్నమాట. కూరగాయలావిడ కూరలు తరిగి మరీ తెస్తోంది. గ్రంథాలయమే పుస్తకాలు మోసుకొస్తోంది. మందుల షాపాయన మాత్రలు మంచినీళ్ళతో సహా చేతికిచ్చి వెళ్తున్నాడు. ఎదురింటి కింద ఉన్న దర్జీ బట్టలు ఆరేసి, మొక్కలకి నీళ్ళు పోసి, మళ్ళీ వచ్చి బట్టలు తీసి మడతపెడుతున్నాడు.

ఇక నా వంతు. అందరికన్నా ఘనం కాబట్టి ఆఖరున చెప్పాను. తలుపు గొళ్ళేనికి తాడు కట్టి, గోడకి బిగించిన చిన్న కప్పీ మీదుగా లాగి, కొస తెచ్చి అత్తయ్య కుర్చీ చేతికి కట్టాను. గంట మోగితే లేవక్కర్లేదు. కూర్చున్నచోటే తాడు లాగితే తలుపు తెరుచుకుంటుంది. సంఘం సమావేశంలో దీనికి చప్పట్లు కూడా పడ్డాయి.

నర్సమ్మ ఆ తాడుని కొసనుంచి కప్పీ దాకా చూసింది.

"గంట రోజుకి ఎన్నిసార్లు మోగుతుంది?"

"సంఘం వాళ్ళమే పాతికసార్లు వస్తామండి" అన్నాను, ఇంకా గర్వంగానే.

"తాడు కట్టి ఎన్నాళ్ళయింది?"

"అయిదు నెలలు."

"ఈవిడ రోజుకి పాతికసార్లు లేచి నిలబడేవారు. ఆ పాతికా మీరు తీసేశారు" అంది నర్సమ్మ. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

అప్పుడు చూశాను ఆ ఇంటిని. వంటింటి గట్టు ముందు నిలబడి కూరలు తరిగే పని పోయింది, కూరలకి బదులు మనిషి తరిగిపోయింది. బాల్కనీ దాకా నడక పోయింది. మెట్లు దిగడం పోయింది. పాలు పెరుగవ్వాలంటే తోడు చుక్క చాలు. మేం చెంబుడు పోశాం.

"ఒక్కసారైనా వద్దని చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎలా చెప్పనురా, అందరూ అంత సంబరంగా వస్తుంటే. నేను కూర్చుంటేనే మీకు తృప్తిగా ఉండేది."

ఆ సాయంత్రమే దర్జీ షాపులో అందరం కూడాం. సంగతి చెబితే కుట్టుమిషను ఆగిపోయింది. కూరగాయలావిడ నమ్మలేదు, బెండకాయలు తరిగితే మోకాళ్ళకేం సంబంధమని వాదించింది, తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మందుల షాపాయన జీవితమంతా మందులిచ్చినవాడు, మందుకి కూడా మోతాదుంటుందని మర్చిపోయానన్నాడు. కుట్టుపని దర్జీది గనక కుట్ర కూడా అక్కడే తయారైంది. రేపటినుంచి కూరలు తరగకుండా వెళ్తాయి. పుస్తకం కావాలంటే ఆవిడే వెళ్ళాలి. నర్సమ్మ నేర్పిన కసరత్తు, కుర్చీలోంచి పదిసార్లు లేవడం, పూటపూటా జరగాలి. దర్జీ తన కిటికీలోంచి ఓ కన్నేసి ఉంచుతాడు, చెయ్యి మాత్రం వెయ్యడు. పాలాయనది గొప్ప ఆలోచన. గుమ్మానికి ముప్పై నాలుగు మెట్లు, పేకెట్టు రోజుకో మెట్టు కిందికి పెడతానన్నాడు. పాలాయన మాటంటే మాటే. ఎడమ పక్కన పెట్టమంటే ఇల్లు మారినా ఎడమ పక్కనే పెట్టే రకం.

తాడు విప్పేటప్పుడు అత్తయ్య కొస వదల్లేదు. ఉండనీరా, అలవాటైపోయింది అంది. నేను కత్తెర తియ్యలేకపోయాను. చాలాసేపటికి తనే ముడి విప్పి, చుట్టచుట్టి, నా చేతిలో పెట్టింది.

మొదటిరోజు గంట కొట్టి, తలుపు తెరుచుకునేసరికి యాభై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. జేబులో ఆ గొళ్ళేన్ని బయటినుంచి తీసే తాళంచెవి ఉంది. దాన్ని తియ్యబోయే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాను. లోపల కుర్చీ కిర్రుమంది, చెప్పులు ఈడ్చిన చప్పుడు, మధ్యలో ఒక తిట్టు. తిట్టింది నన్నే, సందేహం లేదు. ప్రతి సాయంత్రం వెళ్ళేవాణ్ణి. రెండు వారాలకి నలభై అయింది. నాలుగు వారాలకి ముప్పైకి లోపే. అయిదో వారంలో ఇరవై దగ్గర ఆగింది. తిట్లు మాత్రం తగ్గలేదు.

పరీక్ష రోజు నర్సమ్మ పొద్దున్నే ఎనిమిదికి వస్తానంది. నేను పావుగంట ముందే వెళ్ళి గంట కొట్టాను. ఇరవై. నలభై. కిర్రు లేదు, చెప్పుల చప్పుడు లేదు, తిట్టు కూడా లేదు. నూరు దాటాక తాళంచెవి తీశాను. అరవై రకాల తాళాలు కళ్ళు మూసుకుని తెరిచే చెయ్యి ఆ ఒక్క కన్నం వెతుక్కోలేకపోయింది.

కుర్చీ ఖాళీ. వంటిల్లు ఖాళీ. స్నానాల గది తలుపు తోయడానికి ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. అదీ ఖాళీ. పొయ్యి మీద పాలగిన్నె బోర్లించి ఉంది. మెట్ల మీద పాలకోసం దిగి ఎక్కడైనా... కానీ మెట్లెక్కి వచ్చింది నేనే కదా, ఎక్కడా ఎవరూ లేరు. అత్తయ్య కుర్చీలోనే కూలబడ్డాను. తెరిచిన తలుపులోంచి నర్సమ్మ వచ్చి, ఖాళీ ఇంటినీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"అత్తయ్య కనపడటం లేదయ్యా" అని కిటికీలోంచి దర్జీకి వినపడేలా అరిచాను.

దర్జీ గుడ్డ మీదనుంచి తల ఎత్తలేదు. "పాలకెళ్ళింది" అన్నాడు.

"పాలు మెట్ల మీదుంటాయి కదా?"

"ముప్పై నాలుగు రోజులకే మెట్లు అయిపోలేదూ? లెక్కపెట్టుకోలేదా నువ్వు?"

లెక్కపెట్టలేదు. నా లెక్కంతా గంటతోనే సరిపోయింది. పాలాయనకి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాం, ఎక్కడ ఆపాలో ఒక్కరమూ చెప్పలేదు. ముప్పై అయిదో రోజు పేకెట్టు దర్జీ షాపు అరుగు మీద పెట్టాడట. మర్నాడు మందుల షాపు. తరవాత క్షౌరశాల. అలా రోజుకో గుమ్మం జరుపుకుంటూ ఇవాళ వీధి చివర పాలకేంద్రం దాకా తీసుకెళ్ళాడు. అత్తయ్య కూడా పాల వెనకాలే వెళ్ళింది. వీధి వీధంతా చూసింది, నేను తప్ప.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మలుపు దగ్గర ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. చెమట పట్టిన మొహంతో, చేతిలో పాల పేకెట్టుతో అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"నాకొక్కడికే చెప్పలేదేం?" అన్నాను.

"చెబితే పాలకేంద్రం దాకా తాడు కడతావని" అంది. "లేవరా. పరీక్ష నాది."

రెండు చేతులూ కుర్చీకి ఆనించి, మూలిగి, లేచాను. అత్తయ్య పేకెట్టు బల్ల మీద పెట్టి, అలుపు తీరేదాకా ఆగి, కూర్చుని చేతులు కట్టుకుంది. నర్సమ్మ సరే అనగానే లేచింది. గీత దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది, కూర్చుంది. పదకొండు సెకన్లు. నర్సమ్మ పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టి, ఆరు నెలల తరవాతి తేదీ వేసింది.

కానీ పుస్తకం మూయలేదు. నావైపు చూస్తోంది. అత్తయ్య కూడా చూస్తోంది.

"ఇందాక చేతులు ఆనించే కదూ లేచావు?" అంది అత్తయ్య. కుర్చీ ఖాళీ చేసి, బల్ల మీది పాల పేకెట్టు తీసుకెళ్ళి సుద్దగీత మీద పెట్టింది. "కూర్చో. వచ్చి తీసుకో."

నాకింకా యాభై నాలుగే అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. కూర్చుని చేతులు గుండెల మీద కట్టుకున్నాను. గడియారం మొదలైంది. ఒకసారి ముందుకు వంగాను. రెండోసారి వంగాను.