గజం బల్ల

జూన్ పదకొండు, మంగళవారం. మధ్యాహ్నం ఆనపకాయ కూరా, మజ్జిగన్నమూ తిన్నాం. సాయంత్రానికి మా బల్ల ఒక గజం పొడుగైంది.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది నేనూ, సన్యాసిరావూ. అతను రాతప్రతి పైకి చదువుతాడు, నేను అచ్చుకాగితం మీద వేలు పెట్టి వెంబడిస్తాను. మర్నాడు నేను చదువుతాను. పదమూడేళ్ళుగా ఒకే బల్లకి అటూ ఇటూ, ఒకే క్యారియర్.

"నీ కూరలో ఉప్పుకి నీలాగే మొహమాటం గురువా," అన్నాడు ఆ రోజు కూడా.

కొత్త మేనేజరు నియమం గోడకి అంటించి ఉంది: తోటివాడి తప్పు పట్టించినవారికి గజం బల్ల బహుమానం. ఆ మంగళవారం సన్యాసిరావు వదిలేసిన వాక్యాన్ని నేను పట్టించాను. బుధవారం అతను నాది పట్టించాడు.

ఇప్పుడు ఆగస్టు. నావి నలభై గజాలు, అతనివి ముప్ఫయ్యెనిమిది. గోడలు మర్యాదగా వెనక్కి జరుగుతున్నాయి. సన్యాసిరావు అగ్గిపుల్లంత కనిపిస్తాడు. అతను పొద్దున్న చదివిన వాక్యం నాకు మధ్యాహ్నం చేరుతుంది. అందులో తప్పుంటే అతను చేశాడో, దారిలో జరిగిందో అడగను. రాసిపెట్టుకుంటాను.

క్యారియర్‌ని బల్ల మీద తోస్తాను. నాలుగో రోజున తిరిగి వస్తుంది, శుభ్రంగా కడిగి. పై గిన్నెలో ఆవకాయ ముక్క. అడుగు గిన్నెలో కాగితాల కట్ట: మా ఆవిడ కస్తూరి చనిపోయిన ఏడాది నేను దిద్దిన ప్రూఫులు. పేజీ పేజీకీ నేను చూడని తప్పులు. అన్నిటినీ సన్యాసిరావు పెన్సిలుతో దిద్ది, కింద నా సంతకం ఉంచేశాడు. ఇవి పట్టిస్తే అతనికి వంద గజాలు వచ్చేవి. నాకే పంపేశాడు.

మేనేజరు దగ్గరికి వెళతాను.

"నా గజాలు తీసేసుకోండి."

"కోస్తే బల్ల కుంటుతుందండీ," అంటాడాయన, దయగానే. "పోనీ ఇంకో తప్పు పట్టండి. ఇంకో గజం ఇస్తాను."

చెప్పులు విప్పి, బల్ల ఎక్కి నడుస్తాను. ముప్ఫయ్యో గజం దగ్గర చెక్క చిగురు వేసింది. సోమవారం బయలుదేరిన అతని ప్రశ్న, పాదాలు వాచి, ఎదురుగా నడిచి వస్తోంది.

"తిన్నావేటి గురువా?"

దానికి కాస్త మజ్జిగ పోస్తాను. తాగాక, నా జవాబును భుజాన ఎక్కించుకుని వెనక్కి తిరుగుతుంది. జవాబు బరువేం లేదు: "తప్పు నాదే, సన్యాసీ." వెనకే నేనూ నడుస్తాను.

పొద్దు వాలుతోంది. బల్ల చివర, అతను ఇప్పుడు ఉంటున్న అగ్గిపెట్టెంత గది. సన్యాసిరావు గుమ్మంలోకి వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టి ఇటే చూస్తాడు. మేమింకా కనబడేంత పెద్దవాళ్ళం కాలేదు. చెవి మీది పెన్సిలు తీసి గడప మీద నిలబెడతాడు. దాని మొన వెలుగుతుంది. తర్వాత, చప్పుడు కాకుండా, రాత్రికి తలుపు వేసుకుంటాడు.