కవచం లోపల దురద

ఇనుప కవచం భుజాల మీద దుమ్ము తుడిచి, మ్యూజియం కాపలాదారు తన స్టూలు మీద కూర్చున్నాడు. మందపాటి యూనిఫాం కోటు కింద వీపున అప్పుడే దురద మొదలైంది. జనం ముందు గోక్కోకూడదని పెద్దసారు ఏనాడో చెప్పాడు. సాయంత్రం ఇంటికెళ్ళాక భార్య చెక్క దువ్వెనతో గోకుతుంది. అందాకా ఆ కవచమూ అతనూ ఒకటే, దానికి దురద లేదంతే.

ఇవాళ అతనికి ఒక మంచి ప్రశ్న కావాలి. లోకచరిత్ర చూడవచ్చేవాళ్ళ సందేహాలకు అంతుండదు. రాణిగారి పన్ను పుచ్చితే ఎవరు పీకేవారు, పిరమిడ్ కట్టేవాళ్ళకు సెలవులుండేవా... అతనికేం తెలుసు? వాటిని ఇంటికి మోసుకెళ్తే భార్య జవాబు చెప్పేది. "ఎవడో కమ్మరి పట్టకారుతో పీకి ఉంటాడు. ఆ సాయంత్రమే ఊరొదిలి పారిపోయి ఉంటాడు," అని పడీపడీ నవ్వేది. మంచం పట్టాక కూడా అతని వీపు గోకడం, జవాబు చెప్పడం మానలేదు. కొద్దిరోజులుగా మాత్రం నవ్వూ లేదు, మాటా లేదు. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు. అతను పెట్టుకున్నాడు. సరైన ప్రశ్న పడితే నోరు విప్పకపోతుందా అని.

ఖర్మ కాలి ఒకటే వాన. వచ్చిన నలుగురూ బాత్రూం ఎక్కడనే అడిగారు. మూసే వేళకు ఒక ముసలావిడ కవచం ముందు ఆగింది.

"ఏం బాబూ, ఇది తొడుక్కున్నాక వీపు దురదపెడితే ఏం చేసేవాళ్ళు?"

అతనికి ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

"కనుక్కుని చెప్తానమ్మా. మళ్ళీ రండి."

ఇంటి గుమ్మంలోనే మరదలు ఎదురొచ్చింది. "పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా మింగలేదు బావా."

కోటు విప్పి, మంచం అంచున కూర్చుని ప్రశ్న చెప్పాడు. భార్య కళ్ళు తెరిచింది. అటు తిరగమన్నట్టు వేలు కదిపింది. తిరిగాడు. దువ్వెన వీపుకు తగిలింది.

"ఏం చేస్తారండీ... ఇంటికెళ్ళేదాకా ఓర్చుకుంటారు."

మాట్లాడింది. అతని ముఖం చాటంతయింది. దువ్వెన మెల్లగా రెండుసార్లు కదిలి ఆగింది.

"ఇంకాస్త కిందికి," అన్నాడు.

నీళ్ళ గ్లాసుతో వచ్చిన మరదలు అక్కడే ఆగిపోయింది. అతను వెనక్కి తిరగలేదు. "కిందికే," అన్నాడు మళ్ళీ, ఈసారి చాలా నెమ్మదిగా.

కర్మకాండలన్నీ అయ్యాక పనిలోకి వెళ్ళాడు. ముసలావిడ మళ్ళీ రాలేదు, జవాబు అతని దగ్గరే మిగిలిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు. కిటికీ గట్టు మీద చెక్క దువ్వెన ఉంది, దాని పళ్ళ మధ్య అతని చొక్కా దారప్పోగు, ఆమె తెల్లవెంట్రుక చిక్కుకుని.