నైరుతి తలుపు

పెసరట్టు తిరగేస్తుండగా మా ఆయన ఉదయ్ భాస్కర్ డ్రాయింగుల చుట్ట తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "చేతులు తుడుచుకుని సంతకాలు పెట్టేయ్. పదకొండింటికి ఇవి క్లయింటు దగ్గరుండాలి" అని స్నానానికి వెళ్లారు. సంతకమంటే ఆయన దృష్టిలో చేతులు తుడుచుకుంటే అయిపోయే పని.

ఆయన సివిల్ ఇంజినీరు. మాదాపూర్‌లో ఆఫీసు ఆయన పేరు మీద ఉంది, ఆర్కిటెక్టు రిజిస్ట్రేషను నా పేరు మీద ఉంది. నా సంతకం లేనిదే ఈ బొమ్మలు చెల్లవు. పాప పుట్టాక, "ఇంట్లోనే గీసుకో, హాయిగా ఉంటుంది" అన్నారు. హైటెక్ సిటీ పక్కన రాళ్లు పేల్చి చదును చేసిన స్థలంలో రాబోయే అంతరిక్ష మ్యూజియాన్ని, పిల్లలు మీట నొక్కి రాకెట్టు వదిలే గదిని, గ్రహాలను చేత్తో తిప్పి చూసే గదిని మదీనాగూడలోని ఈ టేబుల్ మీదే, కుక్కర్ కూతల మధ్య గీశాను. విందుల్లో మాత్రం, "మా ఆవిడకి రంగుల ఎంపిక బాగా తెలుసండి" అని పరిచయం చేస్తారు.

మామగారు విశ్వేశ్వరరావుగారు నీటిపారుదల శాఖలో రిటైరై వాస్తు పట్టుకున్నారు. అంతరిక్షంలో తూర్పూ పడమరా లేవని పిల్లలకు చెప్పే గది ఒకటుంది. దాన్ని ఈశాన్యానికి జరిపించారు. నవ్వుకుని జరిపాను. ఆ నవ్వే నేను చేసిన తప్పు. తర్వాత ఆయన చూపు నక్షత్రశాల మీద పడింది. అది నూట యాభై మంది పిల్లలు చీకట్లో వెనక్కి వాలి ఆకాశం చూసే గుండ్రటి హాలు. దానికి రెండు తలుపులు. రెండోది నైరుతిలో.

"నైరుతి మూసి ఉండాలమ్మాయ్."

"నిప్పంటుకుంటే పిల్లలు బయటపడే దారి మామయ్యగారూ."

"ఆడవాళ్లకి అన్నీ భయాలే" అని నవ్వారు. మా ఆయన, "చూద్దాంలే" అన్నారు. ఆ మాట నమ్మాను.

పెసరట్టు దించి, చేతులు తుడుచుకుని టేబుల్ దగ్గర కూర్చున్నాను. మా డ్రాఫ్ట్స్‌మన్ వీరేశం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పొద్దున్నే లూనా మీద ఈ చుట్ట తెచ్చింది అతనే. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మేడం, జర మూడో షీటు వెలుతురుకు పట్టి చూడుండ్రి" అన్నాడు మెల్లగా.

కిటికీకి ఎత్తి పట్టాను. నైరుతిలో తలుపు లేదు. ఇంకును బ్లేడుతో గీకి, ఆ ఖాళీలో గోడ గీశారు. "సార్ గీకమన్నడు. గీకిన. మీకు తెల్వకుంట సంతకమైతదేమోనని మనసొప్పలే" అన్నాడు. తొమ్మిదేళ్ల కాపురంలో నాకెవరూ ఇంత మర్యాద చేయలేదు.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "పెట్టావా?"

"తలుపేదండీ?"

"ముందు పెట్టు. తర్వాత చూసుకుందాం."

"తర్వాత ఎవరు చూస్తారు? చీకట్లో ఉన్న పిల్లలా?"

హాల్లో కూర్చున్న మామగారు పేపరు మడిచారు. "ఒక్క తలుపు కోసం ఇంత రాద్ధాంతమా అమ్మాయ్?"

"ఒక్క తలుపేగా మామయ్యగారూ. ఉండనివ్వాల్సింది. లేదంటే కింద మీరే సంతకం పెట్టండి."

ఆయన మళ్లీ పేపరు విప్పారు.

పదింబావు దాకా మా ఆయన నచ్చజెప్పారు, కసిరారు, చివరికి గడియారం చూశారు. "వీరేశం, ఆ తలుపు గీసి తగలెయ్."

"నేను గీస్తాను" అన్నాను. గీకిన చోట ఇంకు పాకుతుందని తెలుసు. పాకనిచ్చాను. ఆ మచ్చ ఉండాల్సిందే. మునుపు ఒంటి రెక్క తలుపు, ఇప్పుడు రెండు రెక్కలు పెట్టాను. సంతకం చేసి, ముద్ర కొట్టి, షీట్లు చుట్టి చంకలో పెట్టుకున్నాను.

"ఇలా ఇవ్వు, టైమవుతోంది" అని ఆయన చెయ్యి చాచారు.

"నేనే తీసుకెళ్తాను."

"నువ్వెందుకు? అక్కడ అన్నీ టెక్నికల్ ప్రశ్నలు అడుగుతారు."

"అందుకేనండీ. ఆ తలుపు అక్కడెందుకుందని అడిగితే మీకు తెలియదుగా."