విజయేందర్ చేయించిన ట్యూనింగ్

విజయేందర్ గుండెపోటుతో పోయిన ఐదు నెలలకు అతని టర్బో కారు మొరాయించసాగింది. టీచరైన అతని భార్య భూమిక లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలలోని బడికి రోజూ ఆ కారులోనే వెళ్తుంది. వేగం మీద మోజుతో అతను కంపెనీ పెట్టిన కంప్యూటర్ సెట్టింగ్ మార్పించి ఇంజన్‌కు ట్యూనింగ్ చేయించాడు. ఇప్పుడు ఎత్తు ఎక్కినప్పుడల్లా ఇంజన్ టకటకమని కొట్టుకుంటోంది.

మంచిర్యాలలో ఒక ట్యూనర్ బానెట్ కూడా ఎత్తకుండానే, "ఇంకింత పవర్ పెంచుత మేడమ్, గంట పని" అన్నాడు. ఆమెకు నమ్మకం కలగక కరీంనగర్ వెళ్లింది. అక్కడ మెకానిక్ పోశం అనే పెద్దాయన కారుకు లాప్‌టాప్ తగిలించి, ఊరవతల దాకా నడిపి చూశాడు.

"రోజూ నడిపేదెవలు బిడ్డా?"

"నేనే. బడికి పోత."

"గీ సెట్టింగ్‌తోని నడిపితే ఇంజన్ పోతది. పాత కంపెనీ సెట్టింగ్ పెడత. కానీ గిప్పుడున్న ట్యూనింగ్‌కు చేసినోళ్లు లాకేసిండ్రు, కాపీ తియ్యరాదు. తీసేస్తే మళ్ల రాదు."

భూమిక డ్రైవింగ్ సీటు వైపు చూసింది. కారు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడల్లా విజయేందర్ చిన్నపిల్లాడిలా నవ్వేవాడు.

"తీసెయ్యుండ్రి" అంది చివరికి.

తిరిగి వస్తూ రాయపట్నం వంతెన మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూసింది. కారు నిదానంగా వేగం అందుకుంది. అందరి కార్లలాగే ఉంది. వంతెన దాటాక పక్కకు ఆపి, స్టీరింగ్‌కు తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.