తోమిచ్చిన గిన్నె

"ఎన్నికిచ్చేశారేంటండీ?"

పిట్టగోడ అవతల నుంచి సంపూర్ణమ్మగారు అడిగిన మాట వేంకటరమణ చెవిలో ఇలాగే పడింది. వెనకింటి ఏసుపాదం మాస్టారి బోరు మోటారు ఒకటే రొద. వేంకటరమణ ఉలిక్కిపడ్డాడు. ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతి ఈవిడకెవరు చెప్పారు?

"ఇంకా ఇవ్వలేదండీ. బేరం తెగలేదు," అన్నాడు.

"గోడ మీద పెట్టేసి ఇవ్వలేదంటారేంటండీ! అయినా దానికి బేరమేంటి?"

"పదింటికి చూసుకోడానికొస్తున్నారు. నచ్చితే తీసుకుంటారు."

"నా గిన్నెనా?"

"మీ గిన్నె ఎవడిక్కావాలండీ! నా ఇల్లు!"

వేంకటరమణ గుసగుసే రెండు వీధులకు వినపడుతుంది. ఇక అరుపు సంగతి చెప్పేదేముంది? సంపూర్ణమ్మగారు గిన్నె మాట మరిచిపోయి, "అమ్మాజీ! రమణగారు ఇల్లు అమ్మేస్తున్నారంట!" అంటూ ఎదురింటికి పరుగెత్తారు.

వేంకటరమణ రాజమండ్రిలో ఒక కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటు. పాతికేళ్ళు ఊరి నడుమ ఇన్నీసుపేటలో అద్దెకుండి, మూడేళ్ళ కిందట, రెండువేల ఒకటిలో, బొమ్మూరు దాటాక ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకున్న మర్నాటి నుంచి తిట్టుకుంటూనే ఉన్నాడు. వానొస్తే మోకాలి లోతు. "కాలు నీది, నీరు మాది అన్నారండీ. అదే కాలనీ!" అని సిటీ బస్సులో అందరికీ వినిపించేవాడు. ఆ బస్సూ కాలనీలోకి రాదు, మైలు దూరంలోనే దింపేస్తుంది. ఇక కుళాయి. తను ఎదురుగా కూర్చుంటే బుస్సుమని గాలి తప్ప చుక్క రాల్చదు. "కుళాయి కాదండీ, గాలాయి!" అనేవాడు. కానీ పెరట్లో తొట్టి మాత్రం ఎప్పుడో తెల్లారగట్ల నిండి ఉండేది. అదీ ఆయనకు కోపమే. దొంగతనంగా రావడమేంటి, మర్యాదగా రాకూడదూ?

ఆరు వారాల కిందట ఆయన భార్య వీరవేణి, తల్లికి తుంటి విరిగిందని మండపేట వెళ్ళింది. బస్సెక్కుతూ గిన్నెల గురించి ఏదో చెప్పబోయింది. "అత్తగారి తుంటికి ఈ తుంటరి అల్లుడేం చెయ్యగలడే!" అనే తొందరలో ఆయన ఆ మాట చెవిన పెట్టలేదు.

మొదటి వారం రోజూ ఎవరో ఒకరు గిన్నె పట్టుకొచ్చేవారు. సంపూర్ణమ్మగారు పనసపొట్టు కూర, అమ్మాజీ గుమ్మడికాయ పులుసు, మూల ఇంటి గంగరాజుగారి భార్య గోంగూర పప్పు. వేంకటరమణ మాట పడే మనిషి కాదు. తిన్న గంటలో గిన్నెను చింతపండు పెట్టి తళతళా తోమి, తుడిచి, స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చేసేవాడు. పదో రోజుకి గిన్నెలు ఆగిపోయాయి. ఎదురుపడితే నవ్వుతున్నారు గానీ చేతులు ఖాళీ. నెలరోజులుగా మెస్సు సాంబారే. ఆ సాంబారు కడుపులో సాంబ్రాణి వేస్తుంటే, ఒంటరితనానికి మందు ఒకటే కనపడింది: ఇల్లు అమ్మేసి మళ్ళీ ఇన్నీసుపేట పోవడం. భార్యకు కూడా చెప్పలేదు.

పది కాకముందే గేటు ముందు జనం.

"మేమేం చేశామండీ?" అంది అమ్మాజీ.

"ఏం చెయ్యలేదు! అదేనండీ బాధ! చచ్చానో బతికానో చూసినవాళ్ళున్నారా? వారం రోజులకే మొహం మొత్తిపోయానా?"

"వద్దన్నది మీరే కదండీ."

"నేనా? ఎప్పుడన్నాను?"

"వట్టి గిన్నె చేతిలో పెట్టారు కదండీ. అదీ తళతళా తోమి మరీ!"

"తోమివ్వడం తప్పా? అంట్ల గిన్నె ఇమ్మంటారా?"

సంపూర్ణమ్మగారు నుదురు కొట్టుకున్నారు. "వట్టి గిన్నె తిరిగిచ్చారంటే ఇంక చాలు, మీకూ మాకూ సరి అన్నట్టండీ. మీ ఆవిడ కరివేపాకు రెబ్బో, రెండు మిరపకాయలో, ఏమీ లేకపోతే కాస్త పంచదారో వెయ్యకుండా ఇచ్చేవారు కాదు. మూడిళ్ళకీ వట్టివే ఇచ్చారు. మా చేతి వంట మీకు పడలేదేమో అనుకుని మానుకున్నాం."

యాభై రెండేళ్ళు గిన్నెల్లో తిన్నాడు గానీ, గిన్నెలు ఎలా తిరిగెళ్తాయో ఎప్పుడూ చూడలేదు వేంకటరమణ.

అంతలో బ్రోకరు సుధాకర్ స్కూటరు మీద కొనేవాడిని ఎక్కించుకుని వచ్చాడు. దిగుతూనే కొనేవాడి చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. జనాన్ని చూసి, "తగాదా ఇల్లా?" అన్నాడు.

"ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పి, ఊరంతటికీ మీరే చాటారేంటండీ?" అని సుధాకర్ విసుక్కున్నాడు.

"ఆయన చెప్పలేదు బాబూ," అన్నారు సంపూర్ణమ్మగారు. "మీరొస్తారని వంటిల్లు సర్దారు కాబోలు, ఎక్కడో మరుగున పడిపోయిన నా ఆఖరి గిన్నె బయటపడింది. గోడ మీద పెట్టారు, అదీ వట్టిదే. ఉండబట్టలేక 'గిన్నిచ్చేశారేంటండీ' అన్నాను. ఈయన ఇంకేదో విన్నారు."

"'ఎన్నికిచ్చేశారు' అని వినపడిందండీ!" వేంకటరమణకి మళ్ళీ కోపం వచ్చింది. "వినపడదూ మరి! ఆదివారం పూట కూడా ఈ మాస్టారి మోటారు రొద! ఈ కాలనీలో మాట కూడా సరిగ్గా చెవికి చేరదు!"

జనంలోంచి ఏసుపాదం మాస్టారు తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. "క్షమించండి రమణగారూ. రోజూ మీరు లేవకముందే కానిచ్చేవాణ్ణి. ఇవాళ తెల్లారగట్ల కరెంటు లేదు."

"ఏం కానిచ్చేవారు?"

"మీ తొట్టేనండీ. మీరు ఇంట్లోకొచ్చిన కొత్తల్లోనే మేడమ్ గారు చెప్పారు, ఆయన మోటారు వేయించుకోరు, కుళాయినే నమ్ముకున్నారు అని. వీళ్ళు కూరలు మానేశారు గానీ నీళ్ళెలా మానేస్తామండీ?"

వేంకటరమణ పెరట్లోకి నడిచాడు. గోడ మీంచి దిగిన ఆకుపచ్చ పైపు, అంచు దాకా నిండిన తొట్టి. పిట్టగోడ మీది సంపూర్ణమ్మగారి గిన్నె తీసుకుని, వంటింట్లోకి వెళ్ళి, దానితో బయటికొచ్చాడు. నిండా పంచదార. కాస్తంటే ఎంతో ఆయనకు తెలియదు.

"ఇదిగోండి మీ గిన్నె," అని ఆవిడ చేతిలో పెట్టి, సుధాకర్ వైపు తిరిగాడు. "ఇల్లు ఇవ్వనండీ. ఇక్కడ అన్నీ కష్టాలే. కుళాయి అబద్ధం, రోడ్డు అబద్ధం, నా చెవులు కూడా అబద్ధం. తొట్టి ఒక్కటే నిజం."

కొనేవాడు ఒంటి చెప్పుతో నిలబడి, "అయితే బేరం దేనికండీ?" అన్నాడు.

"గిన్నెకండీ," అన్నారు సంపూర్ణమ్మగారు. "మొదట్నుంచీ గిన్నెకే."