అక్కను దిగనివ్వని మేయర్

లెమ్యుయెల్ హాస్కిన్ గుర్రపు జీన్లు కుట్టేవాడు. ఎవరి జోలికీ పోని మనిషని మిసిసిపీ నది ఒడ్డునున్న మా ఊరివాళ్ళం అతన్ని రెండుసార్లు మేయర్‌ని చేశాం. నేను అతని కింద పోలీసు అధికారిని.

ఆ వేసవిలో దిగువ ఊళ్ళలో పచ్చజ్వరం పడింది. కళ్ళు పసుపెక్కి, నల్లగా కక్కుకుని జనం పోతున్నారని కబురు. మా రేవులో ఏ స్టీమరూ ఆగకూడదని లెమ్యుయెల్ ఉత్తరువు వేశాడు. ఆ సాయంత్రమే పత్తి వర్తకుడు ట్రెడ్‌వెల్ అతని కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"ఏమయ్యా, పగ్గాలు కుట్టేవాడివి కదా అని ఊరి పగ్గాలు చేతికిచ్చాం. మాకే కళ్ళెం వేస్తావా?"

"జ్వరం తగ్గాక మీరే తీసేద్దురుగాని."

"అప్పటికి నా పత్తి కుళ్ళిపోతుంది. నీవాళ్ళెవరైనా పడవెక్కి వస్తే తెలుస్తుందిలే నీ ఉత్తరువు సంగతి!"

వారం తిరక్కుండానే ఆ మాట నిజమైంది. పారిపోయి వస్తున్న జనంతో ఒక స్టీమరు రేవు దగ్గరికొచ్చింది. మేం తుపాకులతో ఒడ్డున నిలబడ్డాం. డెక్ మీద నుంచి ఒక ముసలావిడ చెయ్యి ఊపింది. తల్లి పోయాక లెమ్యుయెల్‌ని పెంచిన అక్క, డ్రుసిల్లా.

"ఒరే లెమ్! నేనురా! నాకు జ్వరం లేదు, నిక్షేపంలా ఉన్నాను!"

లెమ్యుయెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "దిగొద్దక్కా. ఎగువకు వెళ్ళిపో."

"తమ్ముడే వద్దన్నాక ఎగువన ఎవడు రానిస్తాడురా? మీ ఇంట్లోకి రానులే. గుర్రాల సాలలో పడుకుంటాను."

నేను మెల్లగా అన్నాను: "ఒక్క మనిషేగా. చీకటి పడ్డాక దింపేస్తాను, ఎవరికీ తెలీదు."

"డెక్ నిండా మనుషులున్నారు. వాళ్ళకి మాత్రం తమ్ముళ్ళుండరా?" అన్నాడు.

స్టీమరు కూత పెట్టి కదిలింది. ఆవిడ తిట్టలేదు. తన పెట్టె మీద కూర్చుని, మా వైపు వీపు తిప్పుకుంది.

అయినా జ్వరం రానే వచ్చింది. నది మలుపు దగ్గర ఆగిన పడవలోంచి ట్రెడ్‌వెల్ మనుషులు దొంగచాటుగా కాఫీ బస్తాలు దింపారు. మొదట వాటిని మోసినవాళ్ళు పోయారు, తర్వాత రేవు వీధంతా. గాలి శుభ్రపడుతుందని తారు పీపాలు తగలబెట్టాం. ఏ లాభమూ లేకపోయింది. ట్రెడ్‌వెల్ మొదటి రైలెక్కి వెళ్ళిపోయాడు. లెమ్యుయెల్ భార్యా, చిన్నకూతురూ ఒకే వారంలో పోయారు.

ఆ తర్వాతే డ్రుసిల్లా కబురు తెలిసింది. ఏ రేవులోనూ దిగనివ్వలేదట. డెక్ మీదే చనిపోతే, పడవవాళ్ళు ఒక ఇసుకమేటలో పూడ్చారట. నది పొంగి ఆ మేట కూడా కొట్టుకుపోయింది.

"తోడబుట్టినదాన్ని చంపుకున్నావు, పోనీ మమ్మల్నైనా కాపాడావా?" అని చాకలి మార్తా నడివీధిలో అతన్ని నిలదీసింది. ఇద్దరు కొడుకుల్ని పూడ్చి వస్తోంది. అతను తలొంచుకుని విన్నాడు.

ఆ రోజు నన్నడిగాడు. "దింపి ఉంటే?"

"ఇక్కడే పోయేది," అన్నాను.

"నా చేతుల్లో పోయేది."



మంచు కురిశాక జ్వరం ఆగింది. ట్రెడ్‌వెల్ తిరిగొచ్చి, ఊరి వ్యాపారాన్ని లెమ్యుయెల్ నాశనం చేశాడని చెప్పుకుంటూ మేయర్ ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. కాఫీ బస్తాల సంగతి నేను ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ పని కావాలి.

రేవు తెరిచిన రోజు లెమ్యుయెల్ ఒడ్డుకెళ్ళి, దిగే ప్రతి ఆడమనిషి ముఖంలోకీ తొంగి చూశాడు. జనం జడుసుకున్నారు. భుజం పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు.